35 దాటాక కోర్సుల్లో చేరితే ఉపయోగం ఉందా? (ఇంటీరియర్, తాపీ, తోట, కలంకారీ, ఏదైనా)

గోదారిగట్టు_పద్మ
మేం ఉండేది రాజమండ్రి. పిల్లలు హాస్టళ్లకి వెళ్లారు, నాకంటూ కాస్త టైం మిగిలింది. ఇంటీరియర్ డిజైన్ నేర్చుకుందామని ఒక ప్రైవేటు సంస్థలో వారాంతపు కోర్సులో చేరాను. పేరు చెప్పను. ఫీజు 90 వేలు, సగం ముందే కట్టించుకున్నారు. చేరిన దగ్గర్నుంచీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి త్రీడీ బొమ్మలో సోఫా ఇటు జరపడం, గోడకి రంగు మార్చడం, అంతే. కిచెన్ ప్లాట్‌ఫాం ఎంత ఎత్తు పెట్టాలి అని అడిగితే "నెట్‌లో ఉంటుంది మేడం" అన్నారు. ఇంతవరకూ ఒక్క ప్లైవుడ్ ముక్క చేత్తో పట్టుకోలేదు. గట్టిగా అడిగితే, చివర్లో "ఇంటర్నేషనల్ సర్టిఫికెట్" ఇస్తాం కదా అంటారు.

ఆ సర్టిఫికెట్‌కి నిజంగా విలువ ఉందా? అది పక్కన పెట్టినా, కట్టుబడి పని, తోటపని, డిజైన్, బొమ్మలు వేయడం, ఏదైనా సరే, మన వయసు వాళ్లకి చేతితో చేయించి నేర్పే చోటు మన దగ్గర ఉందా? మీరు చూసినవి, చేసినవి చెప్పండి. ప్రకటనలు వద్దు.

మాలు_1_6
ఇంటర్నేషనల్ అంటే విజయవాడ నుంచి గుంటూరు దాకా చెల్లుతుంది మేడం.

సైట్_రమణ
హైదరాబాద్‌లో ఇంటీరియర్ కాంట్రాక్టులు చేస్తాను. మన దేశంలో ఇంటీరియర్ డిజైనర్ అని బోర్డు పెట్టుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. "ఆర్కిటెక్ట్" అనే పేరు మాత్రం 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయినవాళ్లే వాడాలి. ఆ ఒక్క మాట వాడకుండా ఉంటే మిమ్మల్ని అడిగేవాడు లేడు. ఇన్నేళ్లలో నా సర్టిఫికెట్ అడిగిన కస్టమర్ లేడు. "చేసిన ఇళ్ల ఫొటోలు చూపించండి, చదరపు అడుగు ఎంత" అంటారు, అంతే.

ప్లాట్‌ఫాం సంగతి: మన ఆడవాళ్ల ఎత్తుకి మామూలుగా 32 నుంచి 34 అంగుళాలు పెడతాం. అసలు లెక్క ఏంటంటే, ఆ ఇంట్లో వండే మనిషిని నిలబెట్టి మోచేయి వంచమని, అక్కడి నుంచి నాలుగు అంగుళాలు కిందికి రావాలి. పొడుగ్గా ఉన్న అల్లుడు వండే ఇల్లయితే 36 కూడా పెట్టాం ఒకసారి. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 అని ఉంటే నీళ్లకి తట్టుకునే మెరైన్ రకం, సింకు కింద అదే వాడాలి. ఐఎస్ 303 మామూలు రకం, బెడ్‌రూం వార్డ్‌రోబ్‌కి చాలు. ఇది చెప్పడానికి 90 వేలు ఎందుకో నాకైతే అర్థం కాలేదు.

గోదారిగట్టు_పద్మ
రమణగారూ, మా సంస్థలో ఇన్ని వారాలు చెప్పినదానికంటే మీ ఒక్క పోస్టులో ఎక్కువ ఉంది.

రిటైర్డ్_ఏఈ
సర్టిఫికెట్ కావాలనుకుంటే ప్రభుత్వానిదే తీసుకోండమ్మా. ఐటీఐలో ఇంటీరియర్ డిజైన్ అండ్ డెకరేషన్ అనే ట్రేడ్ ఉంది, ఏడాది. డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండేళ్లు. ఐటీఐకి కనీస వయసు 14, పై వయసు పరిమితి లేదు. చాలామందికి ఈ విషయం తెలియదు. అన్ని ఊళ్లలో అన్ని ట్రేడ్‌లూ ఉండవు, దగ్గర్లో ఎక్కడుందో చూసుకోవాలి. డ్రాఫ్ట్స్‌మన్ చదివినవాడు ప్లాన్ గీయడమే కాదు, ప్లాన్ చూసి ఇటుక ఎంత, సిమెంటు ఎంత అని లెక్క కట్టగలడు. ఆ లెక్క వచ్చినవాడికి ఎక్కడైనా పని దొరుకుతుంది.

సైట్_రమణ
@రిటైర్డ్_ఏఈ సార్, మంచి మాటే. కానీ 40 ఏళ్ల మనిషి రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పదహారేళ్ల పిల్లల మధ్య కూర్చోగలరా?

రిటైర్డ్_ఏఈ
కూర్చోలేకపోతే ఇంట్లోంచే చదవొచ్చు. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల ఆన్‌లైన్ వీడియో పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. కాకపోతే అవి చెవికి, కంటికి. చేతికి కాదు.

లక్ష్మి_కేపీహెచ్‌బీ
మాదాపూర్‌లోని ఫ్యాషన్ డిజైన్ సంస్థ నిఫ్ట్‌లో కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ ప్రోగ్రాములు ఉంటాయి, ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసమే. ఏటా నోటిఫికేషన్ వస్తుంది, కోర్సులు మారుతుంటాయి, ఎక్కువ బట్టలు, డిజైన్ వైపే. ఫీజు తక్కువేం కాదు. నేను అక్కడ చేరలేదు, మా ఆడపడుచు చేసింది. ఆవిడ మాట ఏంటంటే, అక్కడ గుడ్డ పాడుచేసే స్వేచ్ఛ ఉంటుందట. తప్పు కత్తిరించినా ఎవరూ ఏమీ అనరట. ఇంట్లో టైలర్ దగ్గర నేర్చుకున్నప్పుడు ఒక్క మూర పోతే ఆయన మొహం చూడలేకపోయేదట.

పాలమూరు_శ్రీను
నేను తాపీ మేస్త్రిని. మాకు కోర్సులెక్కడివి? ఇటుకలు మోసుకుంటూ, మేస్త్రి చేతులు చూసుకుంటూ నేర్చుకున్నం. గుండు వేలాడదీసి గోడ నిలువు చూసుడు, ట్యూబులో నీళ్లు పోసి మట్టం పట్టుడు, అన్నీ చూసి నేర్చుకున్నవే. ఇప్పుడు పెద్ద కంపెనీ సైట్లో సూపర్‌వైజర్ పనికి పోతే "సర్టిఫికెట్ ఉందా, డ్రాయింగ్ చదవడం వస్తదా" అంటున్నరు. గోడ కట్టమంటే కడతా, కాగితం మీద గీతలు చదవమంటే రాదు. పద్మక్కకి కాగితం ఉంది పని లేదు, నాకు పని ఉంది కాగితం లేదు. మా అసొంటోళ్లకి ఏమైనా ఉన్నదా?

మాలు_1_6
శ్రీను అన్నా, మీరిద్దరూ ఒక కంపెనీ పెట్టేయండి, అయిపోతుంది.

సెంట్రింగ్_సార్
@పాలమూరు_శ్రీను ఉంది. హైదరాబాద్‌లో న్యాక్ ఉంది కదా, నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, 1998లో పెట్టారు. తాపీ, రాడ్ బెండింగ్, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ లాంటి పనుల్లో శిక్షణ ఇస్తారు. మీకు పని వచ్చు కాబట్టి మొదట్నుంచి నేర్చుకోనక్కర్లేదు. ఆర్‌పీఎల్ అని ఒక పద్ధతి ఉంది. మీకు ఇప్పటికే వచ్చిన పనిని పరీక్షించి, కాస్త ట్రైనింగ్ ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తారు.

ఇంకోటి, పీఎం విశ్వకర్మ పథకం. 2023 సెప్టెంబర్ 17న మొదలైంది. 18 చేతివృత్తులు అందులో ఉన్నాయి, తాపీ మేస్త్రి కూడా ఉన్నాడు. వారం లోపు బేసిక్ ట్రైనింగ్, ఆ రోజులకి రోజుకి 500 రూపాయలు స్టైపెండ్. పనిముట్లకి 15 వేల విలువైన వోచర్. తర్వాత పూచీకత్తు లేకుండా మొదట లక్ష, అది కట్టేస్తే రెండు లక్షలు, 5 శాతం వడ్డీకి లోను.

మాలు_1_6
జోకులు పక్కన పెట్టి ఒక మాట. నేనూ కూలీ ముఠాలు నడిపినవాడినే. పొద్దున ఏడింటికి అడ్డా మీద నిలబడిన మనిషిని ఎవడూ సర్టిఫికెట్ అడగడు. "వెయ్యి, వస్తావా రావా" అంటాడు. కాగితం ఉన్నవాడికి ఒక్క వంద ఎక్కువ ఇచ్చిన ఓనర్‌ని నేను చూడలేదు. ట్రైనింగుకి వెళ్లిన రోజుల్లో కూలి పోతుంది, 500 ఎక్కడ సరిపోతుంది?

పాలమూరు_శ్రీను
అడ్డా మీద అడగరు, నిజమే. కానీ అడ్డా మీదనే ముసలోణ్ణి కావాల్నా? కంపెనీల నెల జీతం, పీఎఫ్ ఉంటది. నా నడుం ఇంక ఎన్నేండ్లు సాగుతదో.

మాలు_1_6
దానికి నా దగ్గర జవాబు లేదు అన్నా.

సెంట్రింగ్_సార్
కూలి పెరగడం ఒక్కటే లాభం కాదు. నేను సైట్ ఇంజనీర్‌ని, మేస్త్రులతో రోజూ గొడవే. ఎంత పాత మేస్త్రి అయినా కాంక్రీటులో నీళ్లు చూపుకి పోస్తాడు. 50 కిలోల సిమెంటు బస్తాకి నీళ్ల నిష్పత్తి 0.5 అనుకుంటే పాతిక లీటర్లు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. మనవాళ్లు పైపు పెట్టి, జారుడుగా అయ్యేదాకా వదిలేస్తారు. ఎక్కువైన నీరు ఆరిపోయాక ఆ చోటంతా సన్న సన్న రంధ్రాలు మిగిలిపోతాయి. బలం పోయేది అక్కడే. కవర్ బ్లాకులు (కడ్డీ చుట్టూ కాంక్రీటు మందం ఉండేలా కింద పెట్టే చిన్న దిమ్మెలు) కూడా అంతే. స్లాబు అడుగున కడ్డీకి 20 ఎంఎం, పునాదిలో 50 ఎంఎం కవర్ ఉండాలి అంటే, ఏదో కంకర రాయి దూర్చేస్తారు. కడ్డీ తొక్కగానే రాయి పక్కకి పోతుంది, కొన్నేళ్లకి తుప్పు పట్టి స్లాబు పెచ్చులూడుతుంది. వారం క్లాసుల్లో ఈ రెండు తలకెక్కినా చాలు అంటాను.

పాలమూరు_శ్రీను
సార్, కోపం చేసుకోకండి. నీళ్లు తక్కువ పోస్తే కాంక్రీటు గట్టిగ ఉంటది, కడ్డీల మధ్యలకి దిగదు. వైబ్రేటర్ ఉంటే దిగుతది. మాకు వైబ్రేటర్ ఇచ్చే కాంట్రాక్టర్ ఎంతమంది? సాయంత్రం లోపల స్లాబు అయిపోవాలె, లేకుంటే మిక్సర్ కిరాయి ఇంకో రోజుది పడతది అంటడు. కవర్ బ్లాకులు అడిగితే "రాళ్లు లేవా ఇక్కడ" అంటడు. కోర్సు మాకు కాదు, ఫస్టు ఆయనకి పెట్టున్రి.

సైట్_రమణ
శ్రీను కరెక్ట్.

రిటైర్డ్_ఏఈ
ఈ మాట నా సర్వీసులో ఏ మీటింగులోనూ ఎవరూ పైకి అనలేదు. ఇంటి ఓనర్లు కూడా ఈ క్లాసుకి రావాలి. ఇల్లు కట్టించేవాడికి క్యూరింగ్ అంటే తెలియదు. మామూలు ఓపీసీ సిమెంటుకి కనీసం ఏడు రోజులు, బూడిద కలిపిన పీపీసీకి పది రోజులు తడి ఆరకుండా చూడాలి. మూడో రోజే నీళ్లు కొట్టే కుర్రాణ్ణి మానిపించేస్తారు, కూలి దండగని.

గోదారిగట్టు_పద్మ
ఇది చదువుతూ మా పోర్టికో పైకప్పు వైపు చూస్తున్నాను, టెన్షన్ వస్తోంది. ఎవరైనా తోటపని గురించి చెప్పండి బాబూ, కాస్త మనసు కుదుటపడుతుంది.

కడియం_చిన్నోడు
తోట అంటే మా ఊరే. మీకు పక్కనే ఉన్నాం పద్మగారూ, కడియపులంక రండి. "ల్యాండ్‌స్కేప్ డిజైన్ డిప్లొమా" అని వేలకి వేలు తీసుకునే చోటికి వెళ్లకండి. వానాకాలం మొదట్లో ఏదైనా నర్సరీ షెడ్డులో నాలుగు రోజులు కూర్చోండి. అంటు కట్టేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. మామిడి మొక్కకి ఏటవాలు కోత కోసి, మంచి రకం పుల్లని అదే కోతలో సరిగ్గా అతికించి, ప్లాస్టిక్ రిబ్బన్ చుడతారు. చర్మం చర్మం కలవాలి, అది తప్పితే పుల్ల ఎండిపోతుంది. మల్లె, గులాబీ, కాగడా, ఒక్కోదానికి ఒక్కో ఒడుపు. అడిగితే నేర్పుతారు, కొందరు అడక్కపోయినా తిడుతూ నేర్పుతారు.

మరి చదువు అక్కర్లేదా అంటే, అక్కరే. మా దగ్గర ఒకే క్రోటన్‌ని మూడు నర్సరీల్లో మూడు పేర్లతో అమ్ముతాం. హైదరాబాద్ పార్టీ ఫోన్ చేసి శాస్త్రీయ నామం చెప్పండి అంటే అందరం తలలు గోక్కుంటాం. పురుగు వస్తే ఏ మందు అన్నది కొట్టువాడు చెప్పిందే వేదం. మట్టి పరీక్ష ఎవరూ చేయించరు. వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం మాకు గంటన్నర దూరం. అక్కడి శాస్త్రవేత్తల మీటింగులకి మా కుర్రాళ్లు వెళ్లడం ఇప్పుడిప్పుడే మొదలైంది.

మిద్దెతోట_సుజాత
హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి రెడ్‌హిల్స్‌లో ఉద్యానశాఖ శిక్షణ సంస్థ ఉంది. మిద్దెతోట క్లాసులు నామమాత్రం ఫీజుతో పెడతారు, సెలవు రోజుల్లోనే. మట్టి, కొబ్బరిపొట్టు, పశువుల ఎరువు ఎంతెంత కలపాలో, వేపపిండి ఎప్పుడు వేయాలో చెబుతారు. నేను అలా మొదలుపెట్టే ఇప్పుడు ఆకుకూరలు కొనడం మానేశాను. మేడ మీద ఇటుకలతో ఒక అడుగు ఎత్తు మడులు కట్టించి వంగ, బెండ, సొర వేశాను.

రిటైర్డ్_ఏఈ
అమ్మా సుజాతగారూ, ఆగండి. ఒక అడుగు ఎత్తు మడులు ఎంత విస్తీర్ణం?

మిద్దెతోట_సుజాత
మేడలో సగం పైనే ఉంటుంది సార్. ఎందుకు?

రిటైర్డ్_ఏఈ
తడిసిన మట్టి ఘనపు మీటరుకి దాదాపు 1700 కిలోలు. ఒక అడుగు మందం అంటే చదరపు మీటరుకి సుమారు 500 కిలోలు, మీ ఇటుకల బరువు కాక. మనుషులు తిరిగే డాబాకి కోడ్ ప్రకారం లెక్కలో తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకి 150 కిలోలు. పైకి మెట్లు లేని కప్పుకయితే 75 మాత్రమే. ఇంజనీర్లు కొంత భద్రత కలుపుతారు కాబట్టి వెంటనే కూలిపోదు, కానీ ఆ భద్రత మీ సొరపాదు కోసం పెట్టింది కాదు.

మడులు తీసేసి తొట్టెలు పెట్టండి. గోడల మీద, బీముల మీద వచ్చేలా అంచుల వెంబడి పెట్టండి, మధ్యలో ఖాళీ వదలండి. మట్టి తగ్గించి కొబ్బరిపొట్టు, కంపోస్టు పెంచితే బరువు చాలా తగ్గుతుంది. మీ ఇల్లు డిజైన్ చేసిన ఇంజనీరుకి ఒకసారి చూపించండి.

మిద్దెతోట_సుజాత
ఏ యూట్యూబ్ వీడియోలోనూ ఇది చెప్పలేదే! మా ఇల్లు పిల్లర్ల మీద కట్టిందే సార్, గట్టిగానే ఉంది. ఇప్పటిదాకా ఒక్క పగులు రాలేదు.

సెంట్రింగ్_సార్
పగులు వచ్చాక చెప్పడానికి మేం అక్కర్లేదు మేడం. ఏఈ సార్ మాట వినండి. పైగా మడుల అడుగున ఎప్పుడూ తడి ఉంటుంది, వాటర్‌ప్రూఫింగ్ చేయించకపోతే అది మెల్లగా కడ్డీల దాకా దిగుతుంది.

మిద్దెతోట_సుజాత
సరే, ఇంజనీర్‌ని పిలుస్తాను. సొర మాత్రం తీయను, ఇప్పుడే పిందె పడింది.

డాలస్_బెండకాయ
మేం ఉండేది టెక్సాస్. ఇక్కడ మాస్టర్ గార్డెనర్ అని ఒక కార్యక్రమం ఉంది, ఏ అండ్ ఎం యూనివర్సిటీ విస్తరణ విభాగం నడుపుతుంది. 50 గంటలు క్లాసు, ఇంకో 50 గంటలు ఊరి తోటల్లో, బడుల్లో ఉచితంగా పనిచేస్తేనే ఆ పేరు ఇస్తారు. ఆ పేరు పెట్టుకుని డబ్బు సంపాదించకూడదు. నా బ్యాచ్‌లో సగం మంది రిటైర్ అయినవాళ్లు. డెబ్బై దాటిన ఒక పెద్దావిడ పార మీద కాలు వేసి తొక్కుతుంటే నేను నీళ్ల సీసా పట్టుకుని ఆయాసపడుతున్నా. నాకు నచ్చింది ఆ రెండో 50 గంటలే. నేర్చుకున్నది ఇంకొకరికి చెప్పాల్సి వస్తే అసలు మనకి ఏం రాదో అక్కడ బయటపడుతుంది. మన దగ్గర అలాంటిది ఉంటే కడియం వాళ్లే పాఠాలు చెప్పొచ్చు.

అన్నట్టు ఇక్కడి నల్లరేగడికి గోంగూర ఏపుగా వస్తుంది. కావాల్సినవాళ్లు వచ్చి కోసుకెళ్లండి.

కడియం_చిన్నోడు
ఉచితంగా 50 గంటలా? మా నాన్న వింటే నన్ను ఇంట్లోంచి గెంటేస్తాడు.

కాళహస్తి_కలం
బొమ్మల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతా. ఈమధ్య నగరాల్లో "రెండు రోజుల్లో కలంకారీ" వర్క్‌షాపులు ఎక్కువయ్యాయి. గుడ్డ, బ్రష్షు, సీసాలో రంగు ఇస్తారు, ముందే అచ్చు వేసిన నెమలికి రంగు నింపిస్తారు. సెల్ఫీ తీసుకుని ఇంటికెళ్తారు. అది కలంకారీ కాదు.

మా దగ్గర గుడ్డని ముందు కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండబెడతాం. పాలల్లో వెన్న ఉంటుంది కాబట్టి గీత పక్కలకి పాకదు. నలుపు కోసం తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెడతాం. ఆ నీళ్లు కరక్కాయ గుడ్డ మీద పడగానే నల్లబడతాయి. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు రాసి, తర్వాత ఎర్ర రంగిచ్చే మొక్క వేళ్లతో ఉడకబెడతాం. పసుపు కరక్కాయ పూలది, నీలం నీలిమందుది. ఒక్కో రంగు తర్వాత ఉతకాలి, అదీ పారే నీళ్లల్లో. స్వర్ణముఖిలో నీళ్లు లేని నెలల్లో పని ఆగిపోతుంది. ఇదంతా రెండు రోజుల్లో ఎలా చెబుతారు?

నేర్చుకోవాలంటే మా ఊర్లో చాలా ఇళ్లల్లో నేర్పుతారు. వెదురు పుల్లకి గుడ్డ చుట్టి, దారం కట్టి కలం తయారు చేసుకోవడం దగ్గర మొదలు. కొన్నాళ్లు గీతలే గీయిస్తారు, విసుగొస్తుంది. తిరుపతిలో టీటీడీ శిల్పకళా సంస్థ ఉంది, రాయి, లోహం, కొయ్య, కలంకారీ అన్నీ నేర్పుతారు, కానీ అది పిల్లలు ఏళ్ల తరబడి ఉండి చదువుకునేది. గృహిణులకి, ఉద్యోగులకి కుదరదు.

లక్ష్మి_కేపీహెచ్‌బీ
కలం గారూ, అంత కోపం ఎందుకు? నేను అలాంటి రెండు రోజుల వర్క్‌షాపుకి వెళ్లాను. నెమలికి రంగేశాను, సెల్ఫీ కూడా తీసుకున్నాను :) దాని తర్వాతే అసలు కలంకారీ చీరకి ఆ ధర ఎందుకో అర్థమై, ప్రింటు గుడ్డ కొనడం మానేశాను. అందరూ కళాకారులే అవ్వాలా?

కాళహస్తి_కలం
కొనేవాళ్లు పెరిగితే మాకూ సంతోషమే. నా గొడవ ఒక్కటే, రెండు రోజులు నేర్చుకున్నవాళ్లు నెల తిరక్కుండా "కలంకారీ ట్రైనర్" అని ఇంకో వర్క్‌షాపు పెడుతున్నారు.

సైట్_రమణ
@గోదారిగట్టు_పద్మ చివరికి ఏం చేస్తున్నారు? నా మాట వింటే, మిగతా సగం ఫీజు కట్టేముందు సిలబస్ రాతపూర్వకంగా అడగండి. సైట్ విజిట్లు ఎన్ని, కార్పెంటర్ వర్క్‌షాపులో గంటలెన్ని, అంచనా వేయడం నేర్పుతారా లేదా. ఆ మూడూ లేకపోతే బయటికి రండి. కట్టింది వెనక్కి ఇవ్వకపోతే 1915కి ఫోన్ చేయండి, వినియోగదారుల హెల్ప్‌లైన్.

గోదారిగట్టు_పద్మ
అడిగాను రమణగారూ. సైట్ విజిట్ ఒకటి ఉందట, ఫర్నిచర్ షోరూంకి! మిగతా ఫీజు కట్టనని చెప్పేశాను. మావారి స్నేహితుడికి ధవళేశ్వరం రోడ్డులో కార్పెంటరీ షెడ్డు ఉంది, మధ్యాహ్నాలు వెళ్లి కూర్చుంటానంటే ముందు నవ్వి, తర్వాత సరే అన్నాడు. డ్రాయింగ్ కోసం ఐటీఐలో కనుక్కుంటున్నాను. శ్రీనుగారూ, డ్రాయింగ్ చదవడం నాకు కొంచెం వచ్చింది. మీకు అర్థం కాని ప్లాన్ ఏదైనా ఉంటే ఇక్కడ ఫొటో పెట్టండి, ఓనర్ పేరు, అడ్రసు కనపడకుండా. నాకు తెలిసింది చెబుతా, తప్పయితే ఏఈగారు దిద్దుతారు.

పాలమూరు_శ్రీను
పెడతా అక్కా. మెట్ల సెక్షన్ ఒకటి ఉంది, దాని గీతలే సమజైతలేవు. సెంట్రింగ్ సార్, ఆ విశ్వకర్మకి ఎక్కడ రాయించుకోవాలె? ఏం కాగితాలు కావాలె? మా తమ్ముడు కూడా మేస్త్రినే, ఇద్దరం పెట్టుకోవచ్చునా?

సెంట్రింగ్_సార్
సీఎస్‌సీ (కామన్ సర్వీస్) సెంటర్‌కి వెళ్లండి. ఆధార్, దానికి లింకైన ఫోన్, బ్యాంకు పాస్‌బుక్, రేషన్ కార్డు పట్టుకెళ్లండి, వేలిముద్ర మీరే వెళ్లి వేయాలి. ఆ తర్వాత పంచాయతీలో, పట్టణమైతే మున్సిపాలిటీలో మీరు నిజంగా ఆ పని చేస్తున్నారా అని చూస్తారు, తర్వాత జిల్లా కమిటీ. కుటుంబానికి ఒక్కరికే ఇస్తారు. కుటుంబం అంటే భార్యాభర్తలు, పెళ్లి కాని పిల్లలు. కాబట్టి తమ్ముడు పెళ్లయి వేరుగా ఉంటే ఆయన పేరున వేరే పెట్టుకోవచ్చు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే రాదు. ముద్రా లోను తీసుకుని ఉంటే అది పూర్తిగా కట్టేసి ఉండాలి. మీ ఊళ్లో ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా లేదా అన్నది ముందు సెంటర్‌లో కనుక్కుని పని మానుకుని వెళ్లండి, ఊరికే ఒక రోజు కూలి పోతుంది.